సుమతికి ఒత్తిడి తగ్గించిన విధం

2007 జూన్ నాలుగో తేదీ, సోమవారం ఉదయం పదకొండు గంటలకు, సూరత్‌లోని మరమగ్గాల గణన కార్యాలయం నెలవారీ సమావేశంలో సుమతి గర్భసంచి మూడో అంశంగా చర్చకు వచ్చింది. మొదటి అంశం, వానలు మొదలయ్యేలోగా పైకప్పుకు తారు వేయించడం. రెండోది జిరాక్సు మిషను. ఆ రెండూ నిధుల్లేక వాయిదా పడ్డాయి కాబట్టి, మూడో అంశానికి సభ్యులు తగినంత సమయం కేటాయించగలిగారు.

ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. సుమతి ఆ కార్యాలయంలో సీనియర్ ఇన్వెస్టిగేటర్. ఊళ్లో ఎన్ని మరమగ్గాలున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని ఆగాయి, ఎందుకు ఆగాయి అని గల్లీ గల్లీ తిరిగి రాసుకురావడం ఆమె పని. పన్నెండేళ్ల సర్వీసులో ఆమె రాసిన అంకె తప్పని ఎవరూ అనలేదు. వయసు ముప్పై ఆరు. పుట్టిల్లు హనుమకొండ. భర్త ఫణికుమార్ హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరు. పెళ్లయి పదకొండేళ్లు, పిల్లల్లేరు. కారణం తెలియడం లేదని చెప్పడానికి డాక్టర్లకు నాలుగేళ్లు పట్టింది. తక్కిన ఊరందరికీ కారణం మొదటిరోజు నుంచే తెలుసు: సుమతి టెన్షన్ పడుతుంది.

అప్పటికి టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో మూడుసార్లు ప్రయత్నించారు. మొదటిసారి ఆమె జ్వరమని సెలవు పెట్టింది. ఒకే నెలలో తొమ్మిది రోజులు, అదీ ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా మాత్రమే వచ్చే జ్వరం గురించి కార్యాలయంలో చాలా చర్చ జరిగింది. రెండోసారి పంటినొప్పి అంది. ముప్పై రెండు పళ్లూ వరసగా చూపించుకున్నా అన్ని సెలవులు అక్కరలేదని హెడ్ క్లర్కు దేశాయ్ లెక్క తేల్చాడు. మూడోసారి, అంటే తాపీ నదికి వరద వచ్చిన ఏడాది, విసిగిపోయి నిజమే రాసింది. నిజం రాసిన దరఖాస్తు కూడా తక్కిన దరఖాస్తుల్లాగే ఏడు బల్లలు దాటి వెళ్లింది. ప్రతి బల్ల దగ్గరా ఒక సంతకం, ఒక సలహా చేరాయి. ఆ ప్రయత్నమూ ఫలించలేదు. ఇంట్లో రెండు రోజులు నీళ్లూ కరెంటూ లేని ఆ వారంలో, పక్కింటివాళ్లకు ఫ్రిజ్ పోయింది, కిందివాళ్లకు స్కూటర్ పోయింది. సుమతి తనకు పోయినదాని గురించి ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడిది నాలుగోసారి. ఇదే ఆఖరుదని భార్యాభర్తలు అనుకున్నారు. ఆ మాట మాత్రం దరఖాస్తులో రాయలేదు.

సమావేశంలో ముందుగా దేశాయ్ నిబంధనల పుస్తకం తెరిచాడు. మంచి మనిషి, ఎవరికి ఏ సెలవు రాదో ఎంతో ఓపిగ్గా వివరించేవాడు.

"జువో, చూడండి సుమతీబెన్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే ప్రత్యేక సెలవుంది. కావాలంటే రేపే ఇప్పిస్తా. పిల్లలు పుట్టాక నూట ముప్పై అయిదు రోజులున్నాయి. పుట్టడం కోసం అంటే మాత్రం ఎక్కడా లేదు. మీరు ముందు కనండి, సెలవు సంగతి నాకు వదిలేయండి."

అప్పుడు కార్యాలయాధిపతి రామలింగేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. రాజమండ్రివారు. పదవీ విరమణకు రెండేళ్లుంది. అహ్మదాబాద్‌లోని పై కార్యాలయం తమను గుర్తించేలా ఏదైనా ఒకటి చేసి వెళ్లాలని ఆయన చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు.

"అమ్మా సుమతీ! నీ సమస్య నీది కాదు, మన కార్యాలయానిది. మగ్గం ఎందుకు ఆగుతుంది? పోగు మీద ఒత్తిడి ఎక్కువై తెగితే ఆగుతుంది. మనిషీ అంతే. కాబట్టి ఈ క్షణం నుంచి నువ్వు ఏ విధమైన ఒత్తిడికీ గురికాకూడదని అధికారపూర్వకంగా ఆదేశిస్తున్నాను. దీన్ని ఉల్లంఘిస్తే..." అని ఆగి, ఆలోచించి, "ఉల్లంఘించవనే నా నమ్మకం," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. సుమతి కూడా కొట్టింది. మధ్యాహ్నానికి లిఖితపూర్వకమైన ఉత్తర్వు వచ్చింది. కార్యాలయంలో ఒత్తిడి నివారణ కమిటీ ఏర్పాటైంది. విషయంలో ప్రత్యక్షానుభవం ఉన్నందువల్ల సుమతినే కన్వీనరుగా నియమించారు. ఆమె రోజూ పదింటికి మేడమీద పావుగంట నవ్వుల కార్యక్రమం నిర్వహించాలి. హాజరుపట్టీ పెట్టాలి. రానివారిని నవ్వనివారిగా పరిగణించాలి. ప్రతి శుక్రవారం అయిదింటిలోగా, ఎవరికెంత ఒత్తిడి తగ్గిందో శాతాల్లో నివేదిక ఇవ్వాలి. జూన్ పంతొమ్మిదిన అహ్మదాబాద్ నుంచి జాయింట్ డైరెక్టరుగారు వచ్చే ఒత్తిడి నివారణ శిబిరానికి కుర్చీలు, మైకు, ఫలహారం చూసుకోవాలి. ఇవన్నీ ఆమె మామూలు పనికి అదనం. మామూలు పని అంటే జూన్ ముప్పైలోగా ఉధ్నా, గోడాదరాల్లో ఉన్న మగ్గాలన్నీ లెక్కపెట్టడం.

ఏడో తేదీన సూదులు మొదలయ్యాయి. మొదటి సూది ఫణికుమారే వేస్తానన్నాడు. రెండొందల టన్నుల యంత్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టగల మనిషి, భార్య పొట్ట మీద దూది రాసి, సూది పట్టుకుని, చెమటలు కక్కుతూ కూలబడ్డాడు. సుమతి అతనికి నీళ్లిచ్చి, తన సూది తనే వేసుకుంది.

ఆదివారం నాడు రామలింగేశ్వరరావుగారి శ్రీమతి వెంకటలక్ష్మిగారు తెలుగు మహిళా మండలి సభ్యులు పదకొండుమందితో ఉధ్నాలోని సుమతి ఇంటికి వచ్చారు. సుమతికి విశ్రాంతి ఇవ్వడం వారి ఉద్దేశం. పదింటికి వచ్చి నాలుగింటి దాకా విశ్రాంతి ఇచ్చారు.

"నువ్వు కదలకు సుమతీ, అన్నీ మేం చూసుకుంటాం. పాలెక్కడున్నాయి? సరే, నువ్వే పెట్టు, నీ చేతి కాఫీ బాగుంటుంది," అన్నారు వెంకటలక్ష్మిగారు. ఆ తర్వాత పన్నెండుమందికి ఉప్మా కూడా సుమతి చేతిదే అయింది. తింటున్నంతసేపూ వాళ్లు ఎవరెవరికి ఎన్నేళ్ల తర్వాత పిల్లలు పుట్టారో చెప్పారు. ఏడేళ్లతో మొదలై, వేలంపాటలాగా పెరిగి, పంతొమ్మిదేళ్ల దగ్గర ఆగింది. ఒకావిడ బొప్పాయి తినకూడదంది. ఒకావిడ ఉద్యోగమే తినేస్తోందంది. "అసలు దాని గురించి ఆలోచించడం మానేయ్, అదే అవుతుంది," అని చెప్పి, ఆరుగంటలపాటు దాని గురించే మాట్లాడి, అందరూ సంతృప్తిగా ఆటోలెక్కారు.

పదమూడో తేదీన ఆమె గోడాదరాలో ఉంది. మందుల మోతాదు పెరిగి రోజుకు రెండు సూదులయ్యాయి. అందులో ఒకటి సరిగ్గా పదకొండింటికి పడాలి. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో మందు, సంచిలో సూదులు, చంకలో గణన ఫారాలు. ఫణికుమార్ షిఫ్టు మానడానికి వీల్లేదు. గోడాదరాలో మగ్గం ఉన్న ఇల్లు దొరికినంత తేలిగ్గా తలుపు వేసుకోగల గది దొరకదు. పదకొండుకు పది నిమిషాలుండగా, కింద మగ్గాలు దడదడలాడుతున్న ఒక షెడ్డు పైగదిలోకి వెళ్లింది. అక్కడ హనుమకొండ వైపు నుంచే వలస వచ్చిన లలితమ్మ అనే ఆమె చీరలకు రాళ్లంటిస్తూ కూర్చుంది. భర్త నర్సింగం కింద అదే షెడ్డులో మగ్గం నడుపుతాడు.

"అమ్మా, అయిదు నిమిషాలు తలుపేసుకోవచ్చా? సూది వేసుకోవాలి," అంది సుమతి.

"ఏంది మేడం, షుగరా?"

"కాదు. పిల్లల కోసం."

సుమతి ఊపిరి బిగబట్టి సలహా కోసం ఎదురుచూసింది. లలితమ్మ చీర పక్కకు తోసి, లేచి తలుపేసింది.

"జరాగు. ఫ్యాన్ బంద్ జేస్త, దూది ఎగిరిపోతది. గీ చాప మీద గూసో." మగ్గాల అదురుకు గచ్చు కూడా వణుకుతోంది. "ఏసుకో మేడం, నేను అటు మొకం పెట్టుకుంట."

సుమతి సూది వేసుకుంది. పొట్ట మీద అప్పటికే నీలం మచ్చలు ఎన్నో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం తన ఉద్యోగం కాబట్టి కావాలనే లెక్కపెట్టలేదు. లలితమ్మ ఇటు తిరిగి, ఏమీ అడగకుండా, "ఛాయ్ తాగుతవా?" అంది. ఆ నెలలో ఆమెను పిల్లలతో సంబంధం లేని మాట అడిగింది ఈమె ఒక్కతే. సుమతికి ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. మగ్గాల మోతలో అది ఎవరికీ వినబడలేదు.

చాయ్ తాగాక ఆమె ఫారం తీసి, "కింద ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయి?" అంది.

"సేఠ్ ఎనిమిది చెప్పమన్నడు."

"నేను వచ్చేటప్పుడు చూశానమ్మా. పన్నెండున్నాయి. పన్నెండే రాస్తాను."

లలితమ్మ పడీ పడీ నవ్వింది. "రాస్కో తీయ్. సేఠ్ అడిగితే, మేడమే లెక్కవెట్టుకున్నదంట."

మేడమీద నవ్వుల కార్యక్రమం మొదలయ్యాక సుమతి చూసిన మొదటి అసలైన నవ్వు అది. హాజరుపట్టీలో నమోదు కాలేదు.

పదిహేడో తేదీన డాక్టరమ్మ స్కానింగ్ చూసి, అండాలు తయారయ్యాయనీ పంతొమ్మిది ఉదయం తీస్తామనీ చెప్పింది. ముప్పై ఆరు గంటల ముందు వేసే సూది ఒకసారి వేశాక ఎవరి కోసమూ వాయిదా వేయడం కుదరదు. పంతొమ్మిదినే శిబిరం. సుమతి సోమవారం పొద్దున రామలింగేశ్వరరావుగారి గదికి వెళ్లి చెప్పింది.

ఆయన బాధపడ్డారు. "చూడమ్మా, శిబిరం ఎవరి కోసం? నీ కోసం. నీకు ఒత్తిడి తగ్గించడానికి జాయింట్ డైరెక్టరుగారు నాలుగు గంటలు ప్రయాణం చేసి వస్తున్నారు. నువ్వేమో ఆసుపత్రికి వెళ్తానంటున్నావు. డాక్టరుగారికి ఒక ఉత్తరం రాయనా? ప్రభుత్వ కార్యక్రమం అంటే ఒక రోజు ఆగకపోతారా?"

"డాక్టరుగారు ఆగుతారు సార్. అండాలు ఆగవు," అంది సుమతి.

ఆ జవాబు ధోరణి ఆయనకు నచ్చలేదు. అయినా ఏమీ అనలేదు. అంటే ఆమెకు ఒత్తిడి కలుగుతుంది.

పంతొమ్మిది ఉదయం ఫణికుమార్ కూడా ఆసుపత్రిలో ఉండాలి, అతని వంతు పనికి. హజీరాలో ఆ వారం యంత్రాలన్నీ ఆపి మరమ్మతులు చేస్తున్నారు. గేటు దాటాలంటే జనరల్ మేనేజరు సంతకం కావాలి. అనుమతి పత్రంలో కారణం అన్న చోట ఏం రాయాలో చాలాసేపు తోచక, చివరికి "ఉత్పత్తికి సంబంధించిన అత్యవసర పని" అని రాశాడు. వెంటనే మూడు గంటలు దొరికాయి. ఆసుపత్రిలో అతనికి ఒక చిన్న సీసా ఇచ్చి, గోడలనిండా బొద్దుపిల్లల బొమ్మలున్న గదిలోకి పంపారు. అన్ని జతల కళ్లు తనవంకే చూస్తూ నవ్వుతుంటే తన వంతు పూర్తి చేసి వచ్చిన ఆ మనిషికి ఏ కార్యాలయమూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు.

ఆరు అండాలొచ్చాయి. అదే సమయానికి సూరత్‌లో ఆ ఏటి పెద్ద వాన కురిసింది. శిబిరంలో, ఉద్యోగినుల్లో ఒత్తిడికి కారణాలను వివరిస్తున్న జాయింట్ డైరెక్టరుగారి భుజం మీద పైకప్పు కారింది. మైకు గుర్రుమని ఆగిపోయింది. కన్వీనరు ఎక్కడని ఆయన అడిగారు. కన్వీనరు మత్తులో ఉందన్నారు. శుక్రవారం, రెండు పిండాలను గర్భసంచిలో పెట్టాక, కదలకుండా పడుకోమన్న అరగంటలో దేశాయ్ ఫోన్ చేశాడు.

"బెన్, టెన్షన్ పడకండి. మీకొక మెమో వచ్చింది. ఒత్తిడి నివారణలో శ్రద్ధ చూపనందుకు సంజాయిషీ అడిగారు. మూడు రోజుల్లో ఇస్తే చాలు. హాయిగా పడుకోండి." అని, గొంతు తగ్గించి, "ఎన్ని పెట్టారు?" అన్నాడు.

"రెండు," అంది సుమతి, కప్పు వంక చూస్తూ.

ఇక్కడినుంచి పద్నాలుగు రోజులు నిరీక్షణ. ఆ పద్నాలుగు రోజులూ సుమతి మెట్లు నెమ్మదిగా ఎక్కింది. తుమ్మొస్తే భయపడింది. బస్సు గుంటలో పడితే పొట్ట మీద చెయ్యి వేసుకుంది, మళ్లీ ఎవరైనా చూశారేమోనని తీసేసింది. రాత్రికి రాత్రే తల్లినైపోయానని ఒక గంట, ఏమీ లేదని ఒక గంట అనుకుంటూ, మధ్యలో రెండువేల మూడువందల ఫారాలు పూర్తిచేసింది. గణన గడువులోగా ముగిసింది.

జూన్ ముప్పైన కార్యాలయం త్రైమాసిక నివేదిక అహ్మదాబాద్‌కు వెళ్లింది. అందులో ఒత్తిడి నివారణ కమిటీ గురించి ప్రత్యేకమైన పట్టిక ఉంది. ఒత్తిడి తగ్గిన సిబ్బంది: పద్నాలుగు. సంతాన సాఫల్యం: ఒకటి. పెట్టినవి రెండైనా, ప్రభుత్వ లెక్కల్లో అతిశయోక్తి ఉండరాదని రామలింగేశ్వరరావుగారు ఒకటే వేశారు. జూలై అయిదున జవాబొచ్చింది. సూరత్ కార్యాలయం చూపిన మార్గం అనుసరణీయమనీ, పశ్చిమ మండలంలోని కార్యాలయాలన్నిటికీ విస్తరించే ఆలోచన ఉందనీ అందులో రాశారు. రామలింగేశ్వరరావుగారు ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించమన్నారు.

ఆరో తేదీ సాయంత్రం నాలుగింటికి రక్తపరీక్ష ఫలితం చెప్పడానికి ఆసుపత్రినుంచి ఫోనొచ్చింది. సుమతి మెట్ల దగ్గరికి వెళ్లి విన్నది. నర్సు ఒక అంకె చెప్పింది. అది చాలా చిన్న అంకె. "సారీ మేడం, టెన్షన్ మత్ లేనా," అంటూ నర్సు కూడా టెన్షన్ పడొద్దనే చెప్పింది.

తిరిగి వచ్చేసరికి ఏడు బల్లల దగ్గరా కలాలు ఆగాయి. సుమతి కూర్చుని, గోడాదరా పట్టికలో చివరి మూడు వరసల కూడిక పూర్తిచేసింది. సంచి సర్దుకుని, వానలోనే బయటకు నడిచింది.

ఆ సాయంత్రం ఫణికుమార్ తొందరగా వచ్చాడు. ఆమె చెప్పక్కరలేకపోయింది. ఇద్దరూ బాల్కనీలో కూర్చున్నారు. కింద ఆటోలు బురదలో ఇరుక్కుని అరుస్తున్నాయి. అతను, "ఇంక చాలా?" అన్నాడు.

"చాలు."

"నిజంగా?"

"సూదులకు చోటు లేదు ఫణీ. ఒంట్లోనూ లేదు, మనసులోనూ లేదు."

అతను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. పదకొండేళ్లలో ఆమె చూడగా అదే మొదటిసారి. తర్వాత లేచి ఫ్రిజ్‌లోంచి మిగిలిన మందుల పెట్టెలు తీసేసి, ఆ అరలో మామిడిపళ్లు సర్దాడు. ఇద్దరూ చెరొకటీ తిన్నారు. పళ్లు తియ్యగానే ఉన్నాయి. అలా ఉండడం ఇద్దరికీ కొంచెం ఆశ్చర్యంగా అనిపించింది.

సోమవారం రామలింగేశ్వరరావుగారు ఆమెను పిలిపించారు. తలుపు వేయించి, కుర్చీ చూపించారు.

"తెలిసిందమ్మా. చాలా విచారం. అయితే మనమిప్పుడు ముందుకు చూడాలి. లెక్క పైకి వెళ్లిపోయింది. తప్పని రాస్తే పైవాళ్ల మాట పోతుంది. అందుకని నేను బాగా ఆలోచించాను. సెప్టెంబరులోగా నువ్వు ఇంకోసారి ప్రయత్నిస్తే, కొంచెం ముందువెనకలుగా చూపించుకోవచ్చు. సెలవు గురించి బెంగ వద్దు. దేశాయ్ నిబంధన వెదికిపెట్టాడు, ఉందట."

అయిదు వారాల కిందట లేని నిబంధన ఇప్పుడు ఉంది.

"లేదు సార్. మేం ఆపేశాం."

"ఆపేయడమేమిటమ్మా!" ఆయన నిజంగానే అదిరిపడ్డారు. "ఇంతమంది ఇంత కష్టపడ్డాక, నువ్వొక్కదానివే నిర్ణయించుకుంటే ఎలా?"

బల్ల మీద నివేదిక కార్యాలయ ప్రతి ఉంది. సుమతి దాన్ని తన వైపు తిప్పుకుంది. ఒకటి మీద అడ్డంగా గీత గీసి, పక్కన సున్నా వేసి, కింద సంతకం, తేదీ పెట్టింది.

"సున్నా సార్. లెక్కపెట్టుకునే రాశాను," అని లేచి వచ్చేసింది.

పదిరోజుల్లో, పాలనావసరాల దృష్ట్యా, ఆమెను కామ్‌రేజ్ ఉప కార్యాలయానికి బదిలీ చేశారు. వీడ్కోలు సభలో వెంకటలక్ష్మిగారు కళ్లు తుడుచుకుంటూ, పాకుతున్న బాలకృష్ణుడి వెండి బొమ్మ బహూకరించారు. ఒత్తిడి నివారణ పథకం ఆ ఏడాదే మరో తొమ్మిది కార్యాలయాలకు విస్తరించింది. దిద్దిన అంకె యథావిధిగా ఏడు బల్లలు దాటి అహ్మదాబాద్ చేరింది గానీ, ముగిసిన త్రైమాసికాల్లో సవరణలు అంగీకరించరు. కాబట్టి మండల పట్టికల ప్రకారం సుమతి ఈనాటికీ గర్భవతే.

కామ్‌రేజ్ కార్యాలయానికి అధికారి ఆదర్శ్. ఇరవై ఏడేళ్లవాడు, సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. ఆమె చేరిన రోజు వివరాల ఫారంలో పిల్లల సంఖ్య చూశాడు. ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. ఒక రోజు గడిచింది, పది రోజులు గడిచాయి. అడగలేదు. సుమతి పొద్దున్నే బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాటలు వినడం మొదలుపెట్టింది. పదకొండో రోజు సాయంత్రం ఆమె హైవే మీద బస్సు కోసం నిలబడి ఉంటే, అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడం, బురా మత్ మానియే, ఏమనుకోకండి. చెప్పాలా వద్దా అని చాలా సోచించాను. మా మాసీకి, అంటే పిన్నికి, పదిహేను సాల్ తర్వాత బేబీ అయ్యింది. నవ్‌సారీలో ఒక డాక్టర్ ఉన్నారు. నంబర్ రాసి తెచ్చాను."

సుమతి ఆ చీటీ తీసుకుని, థాంక్స్ చెప్పి, బస్సెక్కింది. కుర్రవాడి ముఖంలో ఒక మంచి పని చేసిన వెలుగు కనిపించింది. దాన్ని చెడగొట్టడం ఆమెకు ఇష్టంలేకపోయింది.

ఇక్కడిదాకా చదివిన మీకు కూడా ఈపాటికి ఒక డాక్టరో, ఒక గుడో, అన్నేళ్ల తర్వాత కవలల్ని కన్న మీ దూరపు బంధువో తప్పకుండా గుర్తొచ్చి ఉంటారు. అది ఆమెకు ఎలాగైనా చెబితే బాగుండునని మీ మనసు తొందరపడుతూ ఉంటుంది. మీ మంచితనం గురించి ఎవరికీ సందేహం లేదు. రామలింగేశ్వరరావుగారు కూడా చాలా మంచివారు.